మరియమ్మ రాసింది ఇది కాదు

కోదాడ బస్టాండుకు దగ్గరలో, మెట్లెక్కి పోతే మొదటి అంతస్తులో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. పెళ్ళికార్డులు, దశదిన కర్మ కార్డులు, సువార్త సభల కరపత్రాలు, ఎన్నికలొస్తే వార్డు మెంబర్ల పాంప్లెట్లు, అన్నిటికీ కంప్యూటర్లో అక్షరాలు కొట్టేది కృపే. ఊరు నడిగూడెం. నాన్న యాకోబు ట్రాక్టరు నడుపుతాడు, అమ్మ మరియమ్మ నాట్ల ముఠాకు పెద్ద. కృప పెళ్ళయి కోదాడలోనే కాపురం ఉంటున్నా, వారానికి రెండుసార్లైనా అమ్మను చూడకపోతే ఆమెకు తోచదు.

చేతిలో పని ఉన్నంతసేపూ కృప పెద్దగా మాట్లాడదు. కానీ ఒక అలవాటుంది. ప్రెస్సుకు వచ్చిన వాళ్ళు కార్డులో ఏం రాయాలో చెబుతుంటే, వాళ్ళ నోట కొత్తమాట ఏదైనా వినపడితే చాలు, ఆమె వేళ్ళు ఆగిపోతాయి. "ఏమన్నవ్ పెద్దమ్మా, ఇంకోసారి చెప్పు" అని అడుగుతుంది. ఆ మాటను ఫోన్లో రాసి క్రాంతికి పంపుతుంది. పంపేది, అంటే ఇదంతా జరగకముందు.

క్రాంతిది తిరుమలగిరి. గొర్లు కాసుకుని బతికిన ఇల్లు. సూర్యాపేట డిగ్రీ కాలేజీలో ఇద్దరూ ఒకే క్లాసు. రెండో ఏడు సెమినారులో క్రాంతి లేచి మాట్లాడుతూ, 'అక్కడి నుంచి' అనడానికి "గాడికెల్లి మొదలువెడితే" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. లెక్చరరు కూడా నవ్వు ఆపుకోలేక, "ముందు తెలుగు నేర్చుకుని రా బాబూ" అన్నాడు. క్రాంతి ముఖం ఎర్రబడి కూర్చోబోతుంటే వెనక బెంచీలోంచి కృప లేచింది. "సార్, గాడ అన్నది మా ఊర్ల కూడ తెలుగే" అంది. ఆ పూట ఆమెకు కూడా చీవాట్లు పడ్డాయి. క్లాసు అయ్యాక ఇద్దరూ కాలేజీ ఎదురుగా మిర్చిబజ్జీలు తిన్నారు. స్నేహం అక్కడ మొదలైంది. ఆ తర్వాత కృప పెళ్ళికి కుర్చీలు మోసిందీ, యాకోబుకు హెర్నియా ఆపరేషనైతే దవాఖానలో కాపలా పడుకుందీ క్రాంతే. మరియమ్మ అతన్ని కొడుకా అనే పిలిచేది.

క్రాంతి హైదరాబాదులో ఎంసీఏ చేసి ఉద్యోగంలో చేరాడు. కరోనా ఏడాది ఇంటి నుంచే పని అనడంతో సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని దిగాడు. అప్పుడే అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఫోన్లలో తెలుగు కొట్టే కీబోర్డులు మన మాటలను మాటలుగా ఒప్పుకోవు. కింద ఎర్రగీత గీస్తాయి, లేకపోతే వాటంతట అవే ఇంకో మాట పెట్టేస్తాయి. మన మాటలు తెలిసిన కీబోర్డు ఒకటి చేస్తే? చేశాడు. దానికి 'ఇగురం' అని పేరు పెట్టాడు. ఇగురం అంటే ఆ వైపు నేర్పు, తెలివిడి. లోపలి కోడంతా బయటపెట్టాడు. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తెలిసిన మాటలు చేర్చవచ్చు. దీన్నే ఓపెన్ సోర్స్ అంటారని క్రాంతి చెబితే కృప, "అంటే బోరింగు లెక్క, ఎవలైనా కొట్టుకోవచ్చు" అంది. "అంతే. కాకపోతే చెడిపోతే బాగుచేసేటోడు ఉండాలె" అని నవ్వాడు క్రాంతి.

కృప పంపిన మాటలు, మిర్యాలగూడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ప్రేమ్ కుమార్ సారు పంపినవి, ఇంకా ముఖం తెలియని ఎందరో పంపినవి అందులో చేరాయి. నాలుగైదేళ్ళలో ఇగురం చాలా ఫోన్లలోకి చేరింది.

బ్లాగు ఆలోచన మాత్రం కృపది. ఒక వానాకాలం పూట సూర్యాపేట పోయినప్పుడు క్రాంతితో అంది: "ఇగురం గురించి చదువుదామంటే అంతా ఇంగ్లీషుల ఉన్నది. వాడేటోళ్ళే రాస్తే ఎట్లుంటది? వాళ్ళు ఎట్ల మాట్లాడుతరో గట్లనే. మనం ముట్టుకోవద్దు. పేరు పెట్టి, ఊరు పెట్టి వేద్దాం."

క్రాంతి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత, "మస్తు ఆలోచన. జల్ది చెయ్యాలె. దసరా లోపల పెడదాం" అన్నాడు. ఏ పనినైనా నానబెట్టే మనిషి ఇంత హుషారుగా ఒప్పుకున్నందుకు కృపకు సంతోషమేసింది. రాసేవాళ్ళను వెతికి, రాతలు తెచ్చే పని ఆమె నెత్తిన వేసుకుంది.

మొదట రాసింది మరియమ్మ. ఆమె యాభై దాటాక అక్షరాలు నేర్చుకుంది, అదీ కూతురి ఫోను మీద. అంతకుముందు నాట్ల రోజుల్లో కూలీలను పిలవడానికి చీకటితో లేచి వాడంతా తిరిగేది. ఇప్పుడు ముఠాకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఆమె రాసింది ఇది:

"ఎనుకట రేపు నాటు ఉన్నదంటే ఇంటింటికి పొయ్యి చెప్పేదాన్ని. నా కాళ్ళు గుంజేటియి. కుక్కలు ఎంటవడేటియి. ఇప్పుడు మంచంల కూసోని ఫోన్ల కొడ్త. రానోళ్ళు రామని పెడ్తరు. మొహం మీద చెప్పనీకి సిగ్గైతదిగని ఫోన్ల చెప్పనీకి సిగ్గుండదు."

కృప చదివి నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంది. "ఇంకేమన్న రాయాల్నా?" అని మరియమ్మ అడిగితే, "సాలమ్మా, ఇది సాలు" అంది.

తర్వాత మిర్యాలగూడ అవతల తండాలో ఉండే గౌరీబాయి. ఆశా వర్కరు. ఆమె మాట్లాడే తీరులో లంబాడీ, తెలుగు కలిసిపోయి ఉంటాయి. మొదటిసారి ఫోన్లో మాట్లాడినప్పుడే ఆమె కృపను అక్కా అంది.

"ఏం రాయాలె అక్కా? నాకు రాసుడు రాదు."

"నీకు ఇగురం ఎట్ల తెలిసిందో చెప్పు."

"అదా!" గౌరీబాయి అవతల నవ్వింది. "డాక్టరు సారు ఎక్కడున్నవని అడిగిండు. నేను 'సార్, గాడ ఉన్న' అని కొట్టిన. ఫోను ఏం జేసిందో ఎరికేనా? 'సార్, గాడిద ఉన్న' అని పంపింది. సారు వెంటనే ఫోను చేసి, గాడిదను ఎందుకు తెచ్చినవమ్మా అన్నడు. ఆ రోజు మా ఏఎన్ఎం మేడం నీ ఇగురం పెట్టించింది."

"గదే రాయి. నువ్వు చెప్పినట్టే రాయి."

"మా మాటలు కూడ వస్తయి మధ్యల. అమ్మను మేం యాడి అంటం."

"యాడి అనే రాయి."

కష్టమైంది లతతోనే. త్రిపురారంలో అంగన్‌వాడీ టీచరు, కృప కంటే పదేళ్ళు పెద్ద. పిల్లలకు చెప్పే కథలను ఆ ఊరి మాటల్లో రాసి తల్లుల గ్రూపులో పెడుతుంది. కృప వెతుక్కుంటూ త్రిపురారం పోతే లత చాయ్ ఇచ్చింది గానీ, రాస్తానని అనలేదు.

"ఒకసారి ఎవరో వచ్చి నా ముచ్చట రాసుకపోయిన్రు కృపా. అచ్చయినంక చూస్తే అది నేను కాదు. నేననని మాటలు నా నోట్ల వెట్టిన్రు. మా ఆయన చదివి వారం రోజులు నవ్విండు."

"ఒక్క అక్షరం ముట్టం లతక్కా. నాది పూచీ."

"నువ్వు ముట్టవు. నీ ఎనుకున్నోళ్ళు?"

"నా ఎనుక ఉన్నది క్రాంతి. నాకు కాలేజీ నుంచి తెలుసు."

లత ఖాళీ చాయ్ గ్లాసులు తీసి లోపల పెట్టి వచ్చింది. తర్వాత, "నీ మొకం చూసి రాస్త" అంది.

ఇట్లా పదిమందికి పైగా రాశారు. ప్రేమ్ కుమార్ సారు ఇగురానికి మాటలు ఎట్లా పంపాలో వివరంగా రాశాడు. కృప అన్నిటినీ చదివి, వరస పెట్టి, పేర్లూ ఊర్లూ సరిచూసి క్రాంతికి పంపింది. బ్లాగులో వేయడం క్రాంతి పని.

దసరాకు ముందు ఆదివారం సూర్యాపేటలో ఒక చిన్న ఫంక్షన్ హాలు పై అంతస్తులో బ్లాగు ప్రారంభం పెట్టుకున్నారు. రాసినవాళ్ళందరినీ రమ్మన్నారు. మరియమ్మ పెట్టెలో ఉన్న నీలం చీర కట్టుకుంది. ఆదివారం గుడి మానడం ఆమెకు తెలియదు, అందుకని పాస్టరు గారికి ముందే చెప్పి పొద్దున్నే ఇంట్లో ప్రార్థన చేసుకుని బయలుదేరింది. బస్సులో పక్కనున్న ఆమెకు, "నేను రాసింది ఇయ్యాల అందరి ఫోన్లల్ల వస్తది" అని చెబుతుంటే కృప కిటికీలోంచి బయటకు చూస్తూ నవ్వుకుంది. ముఠా ఆడవాళ్ళు కూడా చూస్తామన్నారు. ఎన్ని గంటలకు వస్తుందని రెండుసార్లు గ్రూపులో అడిగారు.

హాల్లో కృప అనుకున్నదానికంటే ఎక్కువ ఏర్పాట్లున్నాయి. వేదిక మీద పెద్ద తెర, పూలబొకేలు, మంచి కెమెరా పట్టుకున్న ఇద్దరు మనుషులు. ఇన్ని ఎవరు పెట్టారని అడుగుదామంటే క్రాంతి కనపడగానే మాయమవుతున్నాడు. అతను తెల్లచొక్కా వేసుకున్నాడు. గౌరీబాయి తండా నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చి ముందు వరసలో కూర్చుంది. లత ఆమె పక్కన. ప్రేమ్ కుమార్ సారు వెనక నిలబడి ఉన్నాడు.

మాట్లాడటానికి మొదట లేచింది క్రాంతి కాదు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక మేడం. తానొక కంపెనీలో పెద్ద ఉద్యోగినని చెప్పుకుంది. "ఇగురం ఈ రోజు నుంచి మా కుటుంబంలో భాగం కాబోతోంది" అంది. ఇంతవరకూ ఉన్నది ఎప్పటిలాగే అందరిదీ అని, ఇకపై వచ్చే కొత్త ఇగురం మాత్రం తమ కంపెనీదని, క్రాంతి గారు తమతో కలిసి పనిచేస్తారని చెప్పింది. చప్పట్లు కొట్టారు. గౌరీబాయి కూడా కొట్టింది, ఆమెకు అర్థం కాలేదు. కృపకు అర్థమైంది గానీ నమ్మబుద్ధి కాలేదు. తిరిగి చూస్తే ప్రేమ్ కుమార్ సారు ముఖం పాలిపోయి ఉంది.

తెర మీద బ్లాగు తెరుచుకుంది.

మొదటి రాత మరియమ్మదే. పైన ఒక ఫోటో. చేతిలో ఫోను పట్టుకుని పొలంలో నిలబడి నవ్వుతున్న ఆడమనిషి. ఎవరో ఏమో, మరియమ్మ మాత్రం కాదు. కింద పేరు ఉండాల్సిన చోట 'నడిగూడెం మహిళా కూలీ' అని ఉంది. మేడం చదవడం మొదలుపెట్టింది.

"సాంకేతికత గ్రామీణ మహిళల జీవితాల్లో విప్లవాత్మకమైన మార్పు తీసుకొచ్చింది. ఒకప్పుడు వరినాట్లకు కూలీల సమీకరణ ఎంతో కష్టసాధ్యంగా ఉండేది..."

మరియమ్మ కళ్ళు చిట్లించి తెర వంక చూసింది. తర్వాత కూతురి చెవిలో, "ఇది ఎవలు రాసిండ్రే?" అంది.

కృప తెర మీది ఊరి పేరును మళ్ళీ చదివింది.

"నాది ఎప్పుడు వస్తది?" అంది మరియమ్మ మళ్ళీ.

"అది నీదేనమ్మా."

మరియమ్మ ఇంకో రెండు వాక్యాలు విన్నది. "నేను రాసింది ఇది కాదు బిడ్డా" అంది. గొంతు తగ్గించే అలవాటు లేని మనిషి. ముందున్న రెండు వరసలకూ వినపడింది. మేడం ఒక్క నిమిషం ఆగి, చిరునవ్వు నవ్వి, మళ్ళీ చదివింది.

గౌరీబాయి రాతలో గాడిద లేదు. యాడి తల్లి అయింది. లత కథ 'బాల్య విద్యలో మాతృభాష ప్రాధాన్యం' అయింది. కింద 'ఒక అంగన్‌వాడీ కార్యకర్త, త్రిపురారం'. లత లేచి నిలబడింది. కృప దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగానే, "నీ పూచీ అన్నవ్ గదా" అంది. అంతే. సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయింది. ఆ మాట కృపకు చెంపదెబ్బలా తగిలింది.

హాలు వెనక వరండాలో, చేతులు కడుక్కునే చోట ఆమె క్రాంతిని పట్టుకుంది.

"ఎప్పటిసంది నడుస్తున్నది ఇది?"

"లోపలికి పా, అందరూ ఉన్నరు. తర్వాత మాట్లాడుకుందాం."

"ఎప్పటిసంది?"

క్రాంతి నల్లా కట్టేశాడు. "ఎండాకాలంల మొదలైంది."

"నేను బ్లాగు ముచ్చట తెచ్చింది వానకాలంల. అప్పటికే నీకు తెలుసు."

"వాళ్ళు అడిగిన్రు కృపా. వాడేటోళ్ళు ఎవరు, ఎట్ల వాడుతున్నరు, సూపియ్యమన్నరు. గప్పుడే నువ్వు బ్లాగు అన్నవ్."

"అందుకేనా గంత హుషారుగ ఒప్పుకున్నవ్?"

క్రాంతి జేబురుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు.

"నాకెందుకు చెప్పలే క్రాంతీ?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవు. నువ్వు ఒప్పుకోకపోతే ఊర్లల్ల ఒక్కరూ రాయరు. వాళ్ళు నిన్ను చూసే రాసిన్రు." ఈ మాట అనేశాక, అన్నదేమిటో తనకే వినపడినట్టు క్రాంతి తల దించుకున్నాడు. మళ్ళీ అతనే మొదలుపెట్టాడు. "నాకు చాతనైతలేదు. ఫోన్ల ఏ చిన్నది మారినా ఇగురం చెడిపోతది, నేనొక్కణ్ణే బాగుచెయ్యాలె. మాటలు మీరు పంపుతరు, తిట్లు నాకొస్తయి. ఉద్యోగం చేస్కుంట, ఇది చూస్కుంట, పరేషానైపోయిన. ఎవలన్న తీస్కుంటమంటే పానం లేచొచ్చింది."

"గదే నాకు చెప్తే ఏమైతుండె? చాతనైతలేదంటే నేను కొడ్తనా నిన్ను?" కృప అతని దారికి అడ్డంగా నిలబడింది. "సరే, కంపెనీకిచ్చినవ్. మా అమ్మ మాటలు ఎందుకు దిద్దినవ్?"

"నేను దిద్దలే. వాళ్ళ టీము దిద్దింది. గట్లుంటె బయటోళ్ళకు అర్థం కాదన్నరు. నాకు పంపిన్రు, సదివిన."

"సదివి?"

"సరే అన్న."

కృప అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ రోజు క్లాసంతా ఇతని మాట విని నవ్వింది. ఈ రోజు అదే నవ్వును మర్యాదగా టైపు చేసి తెస్తే ఇతనే సరే అన్నాడు. ఆమెకు ఇంకేమీ అడగాలని అనిపించలేదు. లోపల అన్నాలు పెడుతున్నారు. మరియమ్మ చేయి పట్టుకుని, తినకుండానే బయటకు నడిచింది.

బస్సులో కృప తల్లికి వరండాలో విన్నదంతా చెప్పింది. మరియమ్మ ఫోను మోగుతూనే ఉంది. ముఠా ఆడవాళ్ళు చదివేశారు. 'సమీకరణ అంటే ఏందే మరియమ్మా' అని ఒకరు, 'మస్తు సదువొచ్చె గదనే నీకు' అని ఒకరు, పడీపడీ నవ్వే బొమ్మలతో ఇంకొకరు. మరియమ్మ 'అది నేను రాయలే' అని కొట్టింది. వెంటనే జవాబొచ్చింది: 'ఎరికే. నీ బిడ్డ రాసిచ్చింది గదా. నీకేడ రాసుడొస్తది.'

దాన్ని చదివి మరియమ్మ ఫోను ఒళ్ళో బోర్లించింది. యాభై దాటాక నేర్చుకున్న అక్షరం అది. వేళ్ళు వంగకపోయినా, కళ్ళు కనపడకపోయినా పట్టుబట్టి నేర్చుకుంది. ఆమె రాయగలదన్న మాటే ఇప్పుడు వాడలో అబద్ధమైపోయింది.

"కంపెనోళ్ళు దిద్దిన్రు, అది వాళ్ళ రకం. ఆ పిల్లగానికి ఏమైంది?" అంది చివరికి. "మనింట్ల కూసోని అన్నం తిన్నడు. నా మాటలు విని నవ్వేటోడు. బాగున్నయనే నవ్విండనుకున్న."

కృపకు అప్పుడు ఏడుపొచ్చింది. హాల్లో రాలేదు, వరండాలో రాలేదు. మునగాల దాటాక, బస్సు నిండా జనం ఉండగా వచ్చింది.

మర్నాడు ప్రెస్సులో కూర్చుని బ్లాగులోకి పోదామని చూస్తే ఆమె పేరుకు తలుపు తెరుచుకోలేదు. ఎడిటర్ల వరసలోంచి తీసేశారు. క్రాంతికి ఒకే మెసేజి పెట్టింది: 'మేమిచ్చిన రాతలు మాకు చెప్పకుండా మార్చిన్రు. అన్నీ తీసేయండి.' గుర్తులు నీలం రంగులోకి మారాయి, జవాబు రాలేదు. ఆమె కంపెనీకి రాసింది. ప్రేమ్ కుమార్ సారు రాశాడు. మరియమ్మ కూడా సొంతంగా రాసి పంపింది, 'నేను రాయనిది నేను రాసినట్టు ఏసిన్రు, తియ్యిన్రి' అని. కొన్ని వారాలకు ఆ రాతలన్నీ చెప్పాపెట్టకుండా మాయమయ్యాయి. క్షమించమన్న మాట మాత్రం ఎవరి దగ్గరినుంచీ రాలేదు.

ఆ వారాల్లోనే, బ్లాగుకు రాసినవాళ్ళ కోసం కృప పెట్టిన వాట్సాప్ గ్రూపులోంచి గౌరీబాయి వెళ్ళిపోయింది. కృప మిర్యాలగూడ పోయి, అక్కడ ఆటో ఎక్కి తండాకు పోయింది. గౌరీబాయి ఇంటి ముందు బాలింతకు మందులు చెబుతూ ఉంది. కృపను చూసి లేవలేదు, పొమ్మనలేదు. ఆ మనిషి పోయేదాకా కృప అరుగు మీద కూర్చుంది.

"నీకు తెలుసా అక్కా ముందే?" అంది గౌరీబాయి, అటు చూస్తూనే.

"తెల్వదు. తెలిస్తే నిన్ను పిలుస్తుంటినా?"

"తల్లి అని రాసిన్రు. నా కొడుకు సదివి, నువ్వు యాడివి కాదా మరి అన్నడు." గౌరీబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. "తండా వాళ్ళం కదా, మా మాట బాగలేదనే తీసిన్రనుకున్న. నువ్వు కూడ గట్లనే అనుకున్నవేమోనని గ్రూపుల నుంచి పోయిన."

కృప తాను దాచుకున్న అసలు రాతను ఫోన్లో తీసి ఆమె చేతిలో పెట్టింది. గౌరీబాయి గాడిద దగ్గరికి వచ్చేసరికి పెదవి బిగబట్టింది, అయినా నవ్వు ఆగలేదు. "ఇదీ నాది" అంది. ఫోను తిరిగి ఇస్తూ, "ఏస్తే ఇది ఎయ్యి. నా పేరుతోని ఎయ్యి" అంది.

అసలు ఇగురం కోడు అందరిదీ కాబట్టి, దాన్ని తీసుకుని నడపడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ప్రేమ్ కుమార్ సారు దాన్ని నకలు తీసి, తన పూర్వ విద్యార్థులు ఇద్దరిని కలుపుకుని పని మొదలుపెట్టాడు. పాత పేరు ఇప్పుడు కంపెనీది, వాడుకోలేరు గనుక 'మాటముల్లె', అంటే మాటల మూట, అని కొత్త పేరు పెట్టారు. అది ఇగురమంత నున్నగా నడవదు. కొన్ని ఫోన్లలో మధ్యమధ్య ఆగిపోతుంది. తిట్లు ఇప్పుడు ప్రేమ్ కుమార్ సారుకు వస్తున్నాయి. క్రాంతి పరేషానైపోయానన్నది అబద్ధం కాదని కృపకు అప్పుడు తెలిసింది. తెలిసినా లోపల మంట తగ్గలేదు.

కొత్త బ్లాగు పెట్టేటప్పుడు ఆమె ఒక షరతు పెట్టింది. పాస్‌వర్డు ఒక్కరి చేతిలో ఉండకూడదు, ముగ్గురి దగ్గర ఉండాలి. ఏ రాతనైనా రాసినవాళ్ళు ఆఖరిసారి చూసి సరే అంటేనే వేయాలి. ప్రేమ్ కుమార్ సారు కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు.

"నా మీద నమ్మకం లేదామ్మా?"

"ఉన్నది సార్."

"మరి?"

"క్రాంతి మీద కూడ ఉండె సార్."

సారు ముఖం చిన్నబోయింది. మంచి మనిషి, ఆ మాట పడాల్సినవాడు కాదు. కృపకు తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. మూడో పాస్‌వర్డు గౌరీబాయి దగ్గర ఉంచారు.

మరియమ్మ రాత ఆమె రాసింది రాసినట్టే పడింది, నీలం చీరలో ఆమె ఫోటోతో సహా. ముఠాలో కొందరు నమ్మారు, కొందరు ఇప్పటికీ బిడ్డ రాసిచ్చిందనే అంటారు. ఒకరోజు గట్టు మీద అందరూ సద్దులు తింటుంటే మరియమ్మ ఫోను తీసి, "సూడుండ్రి, నేను కొడ్త" అని వాళ్ళ ముందే రాసి చూపించిందట. చూపించినందుకు ఆ రాత్రి ఆమెకే సిగ్గేసిందని కూతురితో చెప్పుకుంది.

క్రాంతి నుంచి ఒక మెసేజి వచ్చింది, ఎండలు ముదిరాక. 'అమ్మ ఎట్లుంది' అని మొదలై పొడుగ్గా ఉంది. కంపెనీ కొత్త ఇగురంలో మన మాటలు సగం తీసేశారని, తాను అడిగితే వినడం లేదని, ఒకసారి కలిస్తే బాగుంటుందని. కృప పూర్తిగా చదివింది. ఏదో కొట్టింది, చెరిపేసింది. ఎవరో పెళ్ళికార్డు ప్రూఫు కోసం వచ్చి నిలబడితే ఫోను పక్కన పెట్టేసింది. మళ్ళీ ఆ మెసేజి తెరవలేదు.

అందరి తర్వాత ఆమె పోయింది త్రిపురారానికి. అంతకుముందు రెండుసార్లు ఫోను చేస్తే లత ఎత్తలేదు. కాలువ నీళ్ళు వదిలారు, రోడ్డుకు రెండు వైపులా నారుమళ్ళు పచ్చగా ఉన్నాయి. అంగన్‌వాడీ పిల్లలు ఇళ్ళకు పోయారు. లత గిన్నెలు సర్దుతూ ఉంది. చాయ్ పెట్టింది.

"కొత్త బ్లాగు చూసిన. గౌరీబాయిది మంచిగున్నది" అంది.

"నీ కథ నా దగ్గర గట్లనే ఉన్నది లతక్కా. నువ్వు ఊఁ అంటేనే ఏస్త."

లత తన గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. "నీ మీద కోపం లేదు కృపా. మొదట ఉండె. నిన్ను కూడ మోసం చేసిన్రని తర్వాత తెలిసింది."

కృప తల ఊపింది.

"అయినా రాయను. నా పిల్లలకు చెప్పుకుంట, వాళ్ళ తల్లులకు పంపుకుంట. బయటికియ్య. రెండుసార్లు అయింది, మూడోసారి పెట్టుకోను."

బతిమాలవచ్చని కృపకు అనిపించింది. పోయినసారి అన్న మాటలే ఈసారి నిజంగా అనవచ్చు. ముగ్గురి దగ్గర పాస్‌వర్డు ఉందని, రాసినవాళ్ళు చూడందే ఏదీ పడదని చెప్పవచ్చు. ఆమె ఏదీ చెప్పలేదు.

"సరే అక్కా" అంది. ఫోను తీసి, లత చూస్తుండగానే ఆ కథను చెరిపేసింది.

లత ఆ వేలి వంక చూసి, మళ్ళీ ఆమె ముఖంలోకి చూసింది. "ఇంకో గుక్క పోస్త, తాగు" అని గ్లాసు అందుకుంది.